నీరు పల్లమెరుగు, నిజం దస్త్రమెరుగు

1959 డిసెంబరులో జపాన్‌లోని మినమాటాలో చిస్సో రసాయనాల కంపెనీ తన వ్యర్థజలాలను శుద్ధి చేయడానికంటూ సైక్లేటర్ అనే యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. ఆ వేడుకలో కంపెనీ అధ్యక్షుడు యోషియోకా కీచి, యంత్రంలో శుద్ధి అయి వచ్చినవని చెప్పిన నీళ్లను గ్లాసుతో అందరి ఎదుటా తాగి చూపించాడు. పాదరసం కలిసిన అసలు వ్యర్థజలం, అంటే ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చేది, అప్పటికి ఆ యంత్రం గుండా పోవడమే లేదని తరువాత బయటపడింది. అంతకు రెండు నెలల ముందు, అక్టోబరులో, కంపెనీ సొంత ఆసుపత్రి డైరెక్టరు హొసోకావా హజిమె తన ప్రయోగాల్లో 400వ నంబరు వేసిన పిల్లికి ఆ విభాగపు వ్యర్థజలాన్నే తిండిలో కలిపి పెట్టగా, అది ఆ ఊరి జనానికి సోకిన అంతుచిక్కని నరాల జబ్బు, అంటే మినమాటా జబ్బు, రోగుల మాదిరే తూలి, మూర్ఛలతో కొట్టుకుంది. ఆయన ఆ సంగతి యాజమాన్యానికి చెబితే, ఆ ప్రయోగాలు కొనసాగించవద్దన్నారు. ఊరి జనానికి గ్లాసు కనిపించింది, పిల్లి కనిపించలేదు.

తాగునీటి మీద ఆందోళన మొదలైన చోటల్లా ఇలాంటి గ్లాసు ఒకటి ఎప్పుడో ఒకప్పుడు పైకి లేస్తుంది. 2016 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ఒబామా కూడా, తాగునీటిలో సీసం కలిసిన ఫ్లింట్ నగరానికి వెళ్లి, వడపోసిన కుళాయి నీటిని కెమెరాల ముందు ఒక గుక్క తాగాడు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ ఒక గుక్కతో ఎవరూ పడిపోరు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్ల ఒంట్లో ఏం పేరుకుందన్నది జనం అడిగే ప్రశ్న, గ్లాసు ఆ ప్రశ్నను దాటవేస్తుందే తప్ప జవాబు చెప్పదు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచింది ఒక్కటే. కంపెనీ వల్ల తమ తాగునీరు పాడైందని అనుమానించే జనం సాధారణంగా రెండు అడుగుతారు: మంచినీళ్లు ఇవ్వండి, నష్టపరిహారం ఇవ్వండి. రెండూ న్యాయమైనవే. వాటికన్నా ముందు అడగవలసిందీ, చివరిదాకా వదలకూడనిదీ మూడోది ఒకటుంది: ఈ నీటి గురించి మీకు ఏం తెలుసు, ఎప్పటినుంచి తెలుసు, ఆ కాగితాలు బయటపెట్టండి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని సామెత. ఇలాంటి వ్యవహారాల్లో నిజం దేవుడితో పాటు ప్రయోగశాల రిజిస్టరుకూ, పర్యావరణ విభాగపు దస్త్రానికీ, కంపెనీ వకీళ్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలకూ తెలిసే ఉంటుంది. ఒకవేళ కంపెనీకి నిజంగానే ఏమీ తెలియకపోతే, ఆ మాట రుజువు చేసి దాన్ని కాపాడేవి కూడా ఆ కాగితాలే కదా.

నా ఈ అభిప్రాయానికి మూలం అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, పార్కర్స్‌బర్గ్ ఉదంతం. అక్కడ ఒహాయో నది ఒడ్డున ఉన్న డ్యూపాంట్ కంపెనీ వాషింగ్టన్ వర్క్స్ కర్మాగారం టెఫ్లాన్ తయారీ కోసం 1951 నుంచి త్రీఎం కంపెనీ దగ్గర పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని కొనేది. కంపెనీలో దాన్ని సీ8 అనేవారు. విల్బర్ టెనెంట్ అనే పశుపోషకుడి పొలం పక్కన కంపెనీ వ్యర్థాలను పూడ్చే స్థలం ఉంది, అక్కడి నుంచి వచ్చే వాగు నీళ్లు తాగిన ఆవులు ఒకదాని తరువాత ఒకటి చచ్చిపోయాయి. స్థానిక అధికారులు, పశువైద్యులు, వకీళ్లు ఎవరూ పట్టించుకోకపోతే, టెనెంట్ ఒక వీడియో కెమెరా పట్టుకుని వాగులో తేలే నురగనూ, పళ్లు నల్లబడిన ఆవులనూ చిత్రీకరించాడు. చచ్చిన పశువును తానే కోసి, అవయవాలను ఒక్కొక్కటిగా కెమెరాకు చూపిస్తూ, ఇది ఇలా ఉండకూడదని వివరించాడు. చదువుకున్న శాస్త్రవేత్త కాడు, కానీ పశువు లోపల ఎలా ఉండాలో తెలిసినవాడు. కంపెనీ, ప్రభుత్వ పర్యావరణ సంస్థ చెరి ముగ్గురు చొప్పున ఎంపిక చేసిన పశువైద్యుల బృందం మాత్రం, పశువులను సరిగ్గా మేపక, చూసుకోక చచ్చిపోయాయని తేల్చింది. ఆ బృందానికి సీ8 మాట ఎవరూ చెప్పనే లేదు.

1998లో టెనెంట్ ఆ క్యాసెట్లు తీసుకుని రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాది దగ్గరికి వెళ్లాడు. బిలాట్ అప్పటిదాకా రసాయన కంపెనీల తరఫున వాదించేవాడు, ఆ కంపెనీల దస్త్రాలు ఎలా ఉంటాయో ఎరిగినవాడు. కేసు నడుస్తుండగా ఎక్కడో ఒక ఉత్తరంలో పీఎఫ్ఓఏ అన్న పేరు ఆయన కంటబడింది. ఆ పదార్థం గురించి ఉన్నవన్నీ ఇమ్మని అడిగాడు, కంపెనీ కాదంది, కోర్టు ఇమ్మంది. 1,10,000 పేజీలు పెట్టెల్లో వచ్చిపడ్డాయి. అంత కాగితం ఒక్కసారిగా పంపించడం కూడా ఒక ఎత్తుగడేనని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే సగటు మనిషి ఆ గుట్టను చూసే వెనక్కి తగ్గుతాడు. బిలాట్ నెలల తరబడి నేల మీద కూర్చుని వాటిని తేదీల వారీగా పేర్చుకున్నాడు.

తేదీల వారీగా పేర్చడంలోనే అసలు బలం ఉంది. ఆ వరుసలో 1961 నాటికే జంతువుల కాలేయం మీద సీ8 ప్రభావం కంపెనీకి తెలుసు. 1981లో త్రీఎం తన ఎలుకల ప్రయోగాల ఫలితాలు చెప్పాక, డ్యూపాంట్ తన విభాగంలో పనిచేసిన మహిళలకు పుట్టిన పిల్లలను పరిశీలిస్తే ఏడుగురిలో ఇద్దరికి కంటి లోపాలు కనిపించాయి. 1984లో కంపెనీ తన సిబ్బందితో చుట్టుపక్కల ఊళ్ల కుళాయి నీళ్లు తెప్పించి గుట్టుగా పరీక్షించింది, లుబెక్‌లోనూ, నదికి అవతలి లిటిల్ హాకింగ్‌లోనూ సీ8 ఉన్నట్టు తేలింది. 1991లో తాగునీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని తనకు తానే ఒక లోపలి హద్దు పెట్టుకుంది. ఆ నీరు తాగుతున్నవాళ్లకు తొలి సమాచారం అందింది 2000 అక్టోబరులో, అదీ నెలవారీ నీటి బిల్లుతో పాటు వచ్చిన ఒక ఉత్తరం రూపంలో. తక్కువ మోతాదులో ఒక రసాయనం ఉందనీ, ఆందోళన పడనక్కరలేదనీ అందులో ఉంది. జో కైగర్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడూ ఆయన భార్యా ఆ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివి, ఒకటి తరువాత ఒకటిగా అధికారులకు ఫోన్లు చేసి, ఎక్కడా సరైన జవాబు దొరకక చివరికి బిలాట్‌ను పట్టుకున్నారు. పదహారేళ్ల మౌనం ఒకే ఒక్క పేజీతో ముగిసింది. అదీ చదివేవాళ్లు ఉన్నారు కాబట్టి.

ఇక్కడ 'పరిమితులకు లోబడే ఉంది' అన్న మాట గురించి చెప్పాలి. ప్రజలు నిరసనకు దిగిన ప్రతిచోటా కంపెనీ తొలి పత్రికా ప్రకటనలో ఈ మాట ఉంటుంది, చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. అబద్ధం కాకపోవడమే దానిలోని ప్రమాదం. సీ8 విషయంలో మొదట ప్రభుత్వ పరిమితి అంటూ ఏదీ లేదు, ఎందుకంటే ఆ పదార్థం నియంత్రణ జాబితాలోనే లేదు. వివాదం రేగాక 2002లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం నియమించిన నిపుణుల బృందం, తాగునీటిలో లీటరుకు 150 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదంది. అంటే కంపెనీ తనకు తాను పెట్టుకున్న హద్దుకు నూటయాభై రెట్లు. అదే పదార్థానికి 2024 ఏప్రిల్‌లో అమెరికా పర్యావరణ సంస్థ ఖరారు చేసిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. నానోగ్రాము అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు. ఈ రెండు అంకెల మధ్య తేడా 37,500 రెట్లు. 2002లో 'పరిమితులకు లోబడే' నీళ్లు తాగిన గర్భిణికి ఈ రెండో అంకె ఇరవై రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. కాబట్టి పరిమితి ఎంతన్నది తెలుసుకుంటే చాలదు. ఆ పరిమితిని ఎవరు, ఏ సమాచారం చేతిలో పెట్టుకుని నిర్ణయించారు, ఆ సమాచారం ఎవరి దస్త్రాల్లోంచి వచ్చింది అని కూడా అడగాలి.

పరిమితి సంగతి అలా ఉంచితే, అసలు ఏది కొలుస్తున్నారన్నది ఇంకో చిక్కు. నీటి పరీక్ష నివేదికలు చూడడం నాకు అలవాటు, జనం తెచ్చి చూపిస్తుంటారు. మామూలుగా వచ్చే నివేదికలో రంగు, వాసన, పీహెచ్, కరిగిన ఘనపదార్థాలు, కాఠిన్యం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, కోలిఫాం బ్యాక్టీరియా ఉంటాయి, కింద 'తాగడానికి యోగ్యం' అన్న ముద్ర ఉంటుంది. పక్కన ద్రావకాలు వాడే కర్మాగారం ఉన్నా, సీసపు గొట్టాలున్నా, ఔషధాల కంపెనీ ఉన్నా నివేదిక అదే. వెతకనిది దొరకదు, దొరకనిది లేనట్టే లెక్క. ఇంకొన్ని నివేదికల్లో వెతికిన పదార్థం ఎదురుగా 'గుర్తించగల స్థాయికి తక్కువ' అని ఉంటుంది, దాన్ని చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ప్రయోగశాల గుర్తించగల కనీస స్థాయి ఎంతో పక్క గడిలోనో, అడుగున చిన్న అక్షరాల్లోనో చూడాలి. సురక్షిత పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములై, ఆ యంత్రం 50 కన్నా తక్కువ ఉంటే పసిగట్టలేనిదైతే, ఆ కాగితానికి విలువ లేదు. పరీక్షకు డబ్బు కట్టేముందే ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలా శ్రమ తప్పుతుంది.

వెతకనిది దొరకదు అనడానికి పటాన్‌చెరు కన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు. అక్కడి పరిశ్రమల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఏళ్ల తరబడి కమిటీలు వచ్చాయి, నమూనాలు పట్టుకెళ్లాయి. అయినా దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో మందులే ఎంత ఉన్నాయో కొలిచింది స్వీడన్ పరిశోధకులు, 2007లో అచ్చయిన అధ్యయనంలో. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. 2009లో వచ్చిన మరో అధ్యయనం చుట్టుపక్కల గ్రామాల బావి నీళ్లలోనూ మందుల జాడలు చూపించింది. మందులు తయారుచేసే చోట నీటిలో మందులున్నాయేమో చూడాలన్న ఆలోచన రావడానికి అంత కాలం పట్టడం అమాయకత్వం కాదు, ప్రమాణాల జాబితాలో ఆ గడి లేకపోవడం వల్ల అందరికీ సౌకర్యంగా ఉండడం.

అందువల్ల కంపెనీ కాగితాలు అడిగే సమూహం తన కాగితాలు తాను తయారు చేసుకోవాలి. ఈ మాట చెబితే, జనం దగ్గర ప్రయోగశాలలు ఎక్కడివని అడుగుతారు. టెనెంట్ దగ్గర ఉన్నది ఒక కెమెరా. అమెరికాలోనే వోబర్న్ పట్టణంలో, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన బిడ్డ తల్లి యాన్ ఆండర్సన్, స్థానిక చర్చి పాస్టరుతో కలిసి, ఇంకెవరి పిల్లలకు ఈ జబ్బు ఉందో చెప్పమని పత్రికలో అడిగి, వచ్చిన జవాబులను పటం మీద గుర్తు పెట్టింది. గుర్తులు ఒకేచోట గుంపుగా పడ్డాయి, ఆ వీధులకు జీ, హెచ్ అనే రెండు బావుల నీరు వెళ్లేది. 1979లో ట్రైక్లోరోఇథిలీన్ అనే పారిశ్రామిక ద్రావకం ఉందని ఆ బావులను మూసేశారు. ఆ తల్లి అనుమానాన్ని డాక్టర్లు చాలాకాలం కొట్టిపారేశారు. గర్భంలో ఉండగా తల్లి ఆ బావుల నీరు తాగడానికీ, బిడ్డకు ల్యుకేమియా రావడానికీ సంబంధం కనిపిస్తోందని రాష్ట్ర ఆరోగ్యశాఖ అధ్యయనం చెప్పింది మాత్రం 1990లలోనే.

ఫ్లింట్‌లో జరిగింది ఇంకా పాఠ్యపుస్తకంలా ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి నగరానికి నది నీరు మళ్లించారు, గొట్టాలు తినేయకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ తన ఇంజన్ల భాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీటిని వద్దనుకుంది. ఇంజన్లకు పనికిరాని నీరు పసిపిల్లలకు మరో ఏడాది సరఫరా అయింది. లియాన్ వాల్టర్స్ అనే గృహిణి తన పిల్లల ఒంటి మీద దద్దుర్లు చూసి కుళాయి నీటి పరీక్షకు పట్టుబడితే, 2015 ఫిబ్రవరిలో సీసం లీటరుకు 104 మైక్రోగ్రాములు వచ్చింది. అక్కడ చర్య తీసుకోవలసిన స్థాయి 15. తరువాత వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఆమె ఇంటి నమూనాల్లో ఒకదానిలో 13,200 కనుగొంది.

అధికారిక లెక్కలు అప్పటికీ బాగానే ఉన్నాయి. ఎలాగంటే, నమూనా తీయడానికి ముందు రాత్రి కుళాయిని కొన్ని నిమిషాలు వదిలేయమని ఇంటివాళ్లకు సూచన ఇచ్చేవారు, దాంతో గొట్టంలో పేరుకున్న సీసం చాలావరకు కొట్టుకుపోయేది. సేకరించిన 71 నమూనాల్లో ఎక్కువ సీసం ఉన్న రెండింటిని ఏదో సాంకేతిక కారణం చూపి పక్కన పెడితే, నగరం లెక్క 15కు దిగువకు, 11కు వచ్చింది. జనం చేసిందేమిటంటే, విశ్వవిద్యాలయం పంపిన సీసాలు ఇంటింటికీ పంచి, తెల్లవారి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు పట్టి, చిరునామా, తేదీ, వేళ రాసి తిరిగి పంపారు. వందల నమూనాలు. ఊరేగింపు అంత ఉత్సాహంగా ఉండే పని కాదది. అయినా 2015 అక్టోబరులో నీటి వనరును మళ్లీ మార్చక తప్పని పరిస్థితి తెచ్చినవాటిలో ఆ సీసాలూ, మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు బయటపెట్టిన రక్తపరీక్షల లెక్కలూ ముందుంటాయి. నినాదాలకు ప్రభుత్వం ప్రకటనతో జవాబిస్తుంది. తేదీ, చిరునామా ఉన్న సీసాకు అంకెతోనే జవాబివ్వాలి.

ఫ్లింట్‌లో ప్రధాన దోషం ప్రభుత్వానిదే కదా, కార్పొరేట్ జవాబుదారీతనం మధ్యలో ఎందుకని అనవచ్చు. నగరానికి సలహాలు ఇచ్చి రుసుము పుచ్చుకున్న ఇంజనీరింగ్ కంపెనీలు అందులో ఉన్నాయి. 2015 ఆరంభంలో వాటిలో ఒకటైన వియోలియా ఇచ్చిన నివేదిక నీరు ప్రమాణాలకు తగినట్టే ఉందని చెప్పింది. తప్పు మాది కాదంటూనే ఆ కంపెనీ 2024లో 2.5 కోట్ల డాలర్లకూ, 2025లో 5.3 కోట్ల డాలర్లకూ రాజీపడింది. ప్రజల నీటిని ప్రైవేటు సంస్థకు అప్పగించిన చోటా, సలహాదారుల చేతిలో పెట్టిన చోటా తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత పలచబడిపోతుంది. ఎవరిని అడిగినా మరొకరి పేరు చెబుతారు. నిర్ణయం జరిగిన రోజు ఏ సమావేశంలో ఎవరు కూర్చున్నారో, ఎవరి సలహా మీద ఎవరు సంతకం చేశారో చెప్పే కాగితం లేకుండా ఆ ముడి విప్పడం సాధ్యం కాదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన చోటికి వస్తాను: రాజీ. చిస్సో అధ్యక్షుడు నీళ్లు తాగిన నెలలోనే, 1959 డిసెంబరు 30న, మినమాటా బాధితులతో కంపెనీ ఒక ఒప్పందం చేసుకుంది. చనిపోయిన మనిషికి 3 లక్షల యెన్లు. దానికి పరిహారమని పేరు పెట్టలేదు, సానుభూతి సొమ్ము అన్నారు. ఈ జబ్బుకు కంపెనీ వ్యర్థాలు కారణం కాదని తేలితే చెల్లింపు ఆగిపోతుందనీ, కారణమని తేలినా సరే బాధితులు ఇక అదనంగా ఏమీ అడగకూడదనీ అందులో షరతులున్నాయి. ఆ రెండో షరతు రాసినవాళ్లకు పిల్లి సంగతి తెలుసు. సంతకాలు పెట్టినవాళ్లకు తెలియదు. నా వాదన అంతా ఈ ఒక్క తేడాలో ఉంది. పాదరసం వదలడం కంపెనీ 1968 దాకా ఆపలేదు. 1970లో మృత్యుశయ్య మీద నుంచి హొసోకావా ఇచ్చిన సాక్ష్యం పిల్లి కథను కోర్టు ముందు పెట్టింది, 1973 మార్చిలో కుమమోటో జిల్లా కోర్టు ఆ ఒప్పందం నీతికి విరుద్ధమంటూ చెల్లదని కొట్టేసి కంపెనీని బాధ్యురాలిగా తేల్చింది. పదమూడేళ్లు ఒక కాగితం మరో కాగితాన్ని నోరు మూయించి ఉంచింది.

మన కాలంలో ఆ షరతు రూపం మారింది. ఇప్పుడు దాన్ని గోప్యతా నిబంధన అంటారు. డబ్బు తీసుకున్నవాళ్లు మొత్తం ఎంతో చెప్పకూడదు, కేసులో బయటపడిన దస్త్రాలు ఎవరికీ చూపకూడదు, కంపెనీ ఏ తప్పూ ఒప్పుకోదు. పక్క ఊరి మనిషికి అదే కంపెనీ మీద అనుమానం వచ్చినప్పుడు మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాలి. బిలాట్ ఇక్కడే తెలివిగా వ్యవహరించాడని నా అభిప్రాయం. టెనెంట్ కేసు ఇంకా తేలకముందే, 2001 మార్చిలో, తాను చదివిన దస్త్రాల సారాన్ని ఆధారాలతో సహా 972 పేజీల లేఖగా ప్రభుత్వ సంస్థలకు పంపించాడు. కంపెనీ ఆయన నోరు కట్టించే ఆదేశం కోసం కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. సమాచారం దాచినందుకు పర్యావరణ సంస్థతో 2005లో 1.65 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీపడడానికి దారి వేసింది ఆ లేఖే. ఆ మొత్తం అంత పెద్ద కంపెనీకి చిల్లర అన్నది వేరే సంగతి.

పేదవాళ్లను సంతకం పెట్టవద్దనడం సులువు, ఆసుపత్రి బిల్లు కట్టేది నువ్వా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. బిడ్డ జబ్బుతో ఉన్న తల్లి చేతికి వచ్చిన డబ్బు తీసుకుంటే ఆమెను తప్పుపట్టే హక్కు ఏ ఉద్యమానికీ లేదు. తప్పుపట్టవలసింది ఆమెకు ఆ రెండు దారులే మిగిల్చిన ఒప్పందాన్ని. అందుకే ఈ నిర్ణయం కుటుంబం కుటుంబంగా కాక, అందరూ కలిసి, తొలిరోజుల్లోనే, ఇంకా ఎవరి ముందూ చెక్కు లేనప్పుడే చేసుకోవాలని అంటాను. 2004లో పార్కర్స్‌బర్గ్ పరిసరాల ప్రజలు సామూహిక దావాలో డ్యూపాంట్‌తో చేసుకున్న రాజీ అందుకు దగ్గరగా వస్తుంది. ఆరు నీటి సరఫరా సంస్థలకు కంపెనీ ఖర్చుతో శుద్ధి యంత్రాలు, 7 కోట్ల డాలర్లు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న ముగ్గురు వ్యాధి వ్యాప్తి నిపుణుల బృందం. ఆ 7 కోట్లను తలా కొంత పంచేసుకుంటే కథ అక్కడే ముగిసేది. వాళ్లు ఆ డబ్బుతో ఆరోగ్య సర్వే చేయించారు. రక్తం ఇచ్చి, ప్రశ్నపత్రం నింపిన ప్రతి ఒక్కరికీ 400 డాలర్లు ఇస్తామంటే దాదాపు 69,000 మంది వచ్చారు. ఒక కంపెనీ డబ్బుతో ఆ కంపెనీ చేసిన హాని మీదనే అంత పెద్ద రుజువు తయారైన సందర్భం అరుదు.

ఆ దారిలోనూ ముళ్లున్నాయి. నిపుణుల బృందం తన పని ముగించడానికి ఏడేళ్లకు పైగా పట్టింది, ఈలోగా కొందరు పోయారు. టెనెంట్ 2009లో గుండెపోటుతో చనిపోయాడు. బృందం సంబంధం ఉందని చెప్పని జబ్బుతో ఉన్నవారు దావా వేయకూడదన్న షరతుకు ప్రజలు ఒప్పుకోవలసి వచ్చింది, కొన్ని కుటుంబాలు ఆ గీతకు అవతల పడ్డాయి. 2012 నాటికి బృందం మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, అధిక కొలెస్టరాల్, పెద్దపేగు పూత, గర్భిణుల్లో అధిక రక్తపోటు అనే ఆరింటికి సీ8తో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది. సీ8 ఆ ఆరింటికి కారణం కాగలదన్న విషయంలో కంపెనీ ఇక వాదించడానికి వీల్లేదని రాజీలోనే ఉంది. 2017లో సుమారు 3,550 కేసులకు 67.1 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఈ రసాయనాల మీద గొడవ జరిగినా ఆ 69,000 మంది రక్తం సాక్ష్యం చెబుతోంది.

కాగితం ఉంటే న్యాయం దానంతటదే వస్తుందని నేను అనడం లేదు. కేరళలోని ప్లాచిమడలో హిందుస్థాన్ కోకాకోలా కర్మాగారం వచ్చాక బావుల నీరు తాగడానికి పనికిరాకుండా పోయిందంటూ 2002 ఏప్రిల్‌లో ఆదివాసీ మహిళ మయిలమ్మ ముందుండి నడిపిన ఆందోళన మొదలైంది. ఎరువంటూ రైతులకు ఇచ్చిన మడ్డిలో సీసం, కాడ్మియం ఉన్నట్టు 2003లో బీబీసీ రేడియో చేయించిన పరీక్షలో బయటపడింది. పంచాయతీ లైసెన్సు పొడిగించలేదు, 2004లో కర్మాగారం మూతపడింది. ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార కమిటీ 2010లో నష్టాన్ని 216.26 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది, 2011లో శాసనసభ పరిహార ట్రిబ్యునల్ బిల్లు ఆమోదించింది. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. గెలిచిన ఉద్యమంగా అందరూ చెప్పుకునే చోట, లెక్కకట్టిన నష్టం చెల్లించే వేదికే లేదు.

కంపెనీ అన్నది ఒకే మనిషి కాకపోవడం మరో తలనొప్పి. 2015లో డ్యూపాంట్ టెఫ్లాన్ వ్యాపారాన్నీ, దాని వెంట వచ్చే బాధ్యతలనూ కెమూర్స్ అనే కొత్త కంపెనీకి మార్చేసింది. మాకు అంటగట్టిన భారం ఎంతో తక్కువ చేసి చూపారంటూ ఆ కొత్త కంపెనీయే 2019లో పాత కంపెనీ మీద కోర్టుకెక్కింది. ఇటలీలోని వెనెటో ప్రాంతంలో లక్షల మంది తాగునీటిలోకి పీఫాస్ అనే ఇదే కుటుంబపు రసాయనాలు వదిలిన మిటేని కర్మాగారం 2018లో దివాలా తీసింది. పిల్లల రక్తపరీక్షల ఫలితాలు చూసి ఏకమైన తల్లులు 'మమ్మే నో పీఫాస్' పేరుతో పట్టు వదలలేదు. 2025 జూన్‌లో విచెంజా కోర్టు 11 మంది కంపెనీ అధికారులను దోషులుగా తేల్చి, కొందరికి 17 ఏళ్లకు పైగా జైలుశిక్ష వేసింది. దోషుల్లో మిటేని వాళ్లతో పాటు దాన్ని వేర్వేరు కాలాల్లో సొంతం చేసుకున్న మిత్సుబిషి, ఐసీఐజీ సంస్థల వాళ్లూ ఉన్నారు. కింది కోర్టు తీర్పే అయినా, కర్మాగారం దివాలా తీస్తే యజమానులు తప్పించుకోవచ్చన్న ధీమాకు అది గట్టి దెబ్బ.

ఈ అనుభవాలన్నీ చూశాక, కంపెనీ రాజీకి వచ్చిన రోజు బల్ల మీద పెట్టే ముసాయిదాలో నేను వెతికేవి కొన్ని ఉన్నాయి. కేసులో బయటపడిన ప్రతి దస్త్రాన్నీ ఎవరైనా చూడగలిగేలా ప్రజా గ్రంథాలయంలోనో, విశ్వవిద్యాలయంలోనో ఉంచాలన్న షరతు ఉండాలి. నీటి పరీక్షలకు డబ్బు కంపెనీది, ప్రయోగశాల ఎంపిక ప్రజలది కావాలి, ప్రతి నమూనాలో సగం ప్రజల దగ్గరే ఉండాలి. ఇప్పుడు తెలియని జబ్బు రేపు తేలితే దానికి దావా వేసే హక్కు వదులుకున్నట్టు ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. పరిహారం మొత్తం ఎంతైనా సరే, వైద్య పర్యవేక్షణకు విడిగా నిధి ఉండాలి. చివరి పేజీలో స్థానిక అనుబంధ సంస్థ మేనేజరు సంతకం ఒక్కటే ఉంటే ఆ కాగితాన్ని తిప్పి పంపాలి, ఎందుకంటే ఆ సంస్థ వచ్చే ఏడాది ఉంటుందో లేదో ఆ మేనేజరుకే తెలియదు, మాతృసంస్థ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి వచ్చేదాకా రాజీ చర్చలు మొదలు కానట్టే లెక్క.